సింహం చెప్పే కథలో ‘నీడ’ ఉండదు

[తెర మీద పాత బావి. అడుగున నీళ్లు.]

కుందేలు సింహాన్ని బావిలోకి దూకించిన పంచతంత్ర కథ మీకు తెలిసిందే. సింహం తన నీడనే చూసి, ఇంకో సింహం అనుకుని దూకేసింది. ఇదే కథను ఈసారి సింహం చేత చెప్పిద్దాం.

చాలామంది ‘సింహం’ అన్న చోటల్లా ‘నేను’ అని మార్చేస్తారు. ‘నేను నా నీడను చూసి ఇంకో సింహం అనుకున్నాను.’ కథ అక్కడే చచ్చిపోతుంది. అది నీడ అని సింహానికి తెలియదు కదా! తెలిస్తే దూకేదే కాదు.

[ఒక్కో వాక్యమే తెర మీదకు]

‘పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. వంగి చూశాను. అడుగున వాడున్నాడు. గర్జించాను. నాకంటే గట్టిగా బదులిచ్చాడు.’

‘నీడ’ అన్న మాటే లేదు, చూడండి. అయినా చదివేవాళ్లకు తెలుసు. ‘అయ్యో, దూకకు’ అనిపిస్తుంది. తెలిసిన కథను ఎంచుకోవడం అందుకే. పాత్రకు తెలియనిది మనకు ముందే తెలిసి ఉండటంలోనే దీని బలమంతా ఉంది.

ఇంకో దారి, మూలకథ నోరు విప్పని చోటు వెతకడం. 1847 నాటి ఇంగ్లిష్ నవల ‘జేన్ ఐర్’లో, కథానాయకుడు పై అంతస్తులో బంధించిన అతని భార్య ఉంటుంది. ఆమె అరుపులు వింటాం, ఆమె వైపు మాట వినం. డొమినికా దీవిలో పుట్టిన జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ నవల రాసి, ఆ భార్యకు బాల్యాన్నీ, ఆంటోయినెట్ అనే పేరునూ ఇచ్చారు. మన రచయిత్రి వోల్గా కథల పుస్తకం ‘విముక్త’లో అడవిలో తోట పెంచుకుంటున్న శూర్పణఖ సీతకు ఎదురవుతుంది. ముక్కూ చెవులూ పోయాక ఆ మనిషి ఎలా బతికిందో అప్పటిదాకా ఎంతమంది అడిగారు?

విలన్‌ను మంచివాడిగా తిప్పేస్తే చాలదా అంటారు. నాకది నచ్చదు. సింహం రోజుకో జంతువును తిన్న మాట నిజం, దాన్ని దాచకూడదు. కాకపోతే మిగతా జంతువులు దాన్ని ఘోరం అంటాయి, సింహం ఆకలి అంటుంది.

ఇప్పుడు మీరు రాయండి, కుందేలు వైపు నుంచి. ఆ రోజు అది కావాలనే ఆలస్యం చేసింది. ఆ పూటంతా ఎక్కడ తిరిగింది? దారిలో ఒక బావి కనిపించి ఉంటుంది. తొంగి చూసి ఉంటుంది.

[కెమెరా బావిలోకి దిగుతుంది]

అడుగున ఒక కుందేలు.