ఏరగా మిగిలిన రికార్డులు

సభకు నమస్కారం.

మన విజయవాడలో పాత గ్రామఫోను రికార్డులు కొనేవారు ముందు అడిగేది ఘంటసాల పాటలు. తరువాత నాటక పద్యాలు, ఆ తరువాత బాలమురళి. వన్‌టౌన్‌లో పాత సామాన్ల అంగళ్లకు వెళ్లినవారికి ఇది తెలిసిన సంగతే. ఇవన్నీ ఏరుకున్నాక గుట్ట అడుగున కొన్ని మిగులుతాయి. అట్ట మీద మనిషి బొమ్మ ఉండదు, గీతలో చుక్కలో ఉంటాయి. గాయకుడి పేరు కనిపించదు. అంగడివాళ్లు వాటికి ధర కూడా కట్టరు; నాలుగు పాటల రికార్డులు కొంటే ఇది ఊరికే తీసుకోమంటారు. శబ్దాలతో కొత్త ప్రయోగాలు చేసే ప్రయోగ సంగీతం అనేది ఒకటి ఉందని నాకు తెలిసింది ఆ మిగిలినవాటి వల్లనే. వాటిని తూకానికి వేయవద్దని అడగడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

పియెర్ షేఫర్ రైళ్ల మీద చేసిన రచనను అలా దొరికిన ఒక ఫ్రెంచి రికార్డులోనే మొదట విన్నాను. షేఫర్ పారిస్ రేడియోలో ఇంజనీరు. 1948లో బాటిన్యోల్ స్టేషనుకు వెళ్లి ఇంజను ఈలలు, ఆవిరి బుసలు, చక్రాల చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చారు. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు, పనంతా రికార్డుల మీదనే. మామూలుగా రికార్డు మీది గాడి చుట్టలు తిరుగుతూ లోపలికి పోతుంది కదా, ఆయన ఒక చుట్టును దానిలోనే కలిపి మూసేశారు. ముల్లు ముందుకు జరగదు, అదే తునక మళ్లీ మళ్లీ పలుకుతుంది. అరిగిపోయిన రికార్డు అని మనం విసుక్కునే లోపం ఆయనకు పనిముట్టయింది.

దాన్ని వినడం ఎలా ఉంటుందో చెబుతాను. మొదటిసారి అది రైలు చప్పుడే. నాలుగైదు సార్లు తిరిగేసరికి రైలు సంగతి మరచిపోతాం. దెబ్బ ఎక్కడ బరువుగా పడుతోంది, ఎక్కడ తేలిపోతోంది అని చెవి లెక్క కట్టడం మొదలుపెడుతుంది, చేయి దానంతట అదే తాళం వేస్తుంది. గంట శబ్దంతోనూ ఆయన ఇలాంటి పనే చేశారు. దెబ్బ తగిలిన తొలి క్షణాన్ని తీసేసి, వెనక మిగిలిన మోతను మాత్రమే వినిపించారు. వింటే అది గంట అని పోల్చుకోలేం. ఒక ధ్వనిని మనం గుర్తుపట్టేది దాని మొదటి క్షణంతోనే అని నాకు అప్పుడే తెలిసింది. ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఆ మాట ఇంత బాగా చెప్పలేదు.

ఈ రచనలు 1948 అక్టోబరు 5న పారిస్ రేడియోలో ప్రసారమయ్యాయి. అదే సంవత్సరం డిసెంబరు 1న మన ఊళ్లో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. చెన్నై, కాజీపేట, విశాఖ దారులు కలిసే జంక్షనులో పెరిగిన మనకు షేఫర్ రైళ్లు పరాయివి కావని నా నమ్మకం.

ఇదంతా పాశ్చాత్యుల మోజు అని కొందరు పెద్దలు నాతో అన్నారు. నేను ఒప్పుకోను. అమెరికా స్వరకర్త జాన్ కేజ్‌కు 1940లలో భారతీయ సంగీతం గురించి చెప్పింది అహ్మదాబాదుకు చెందిన గీతా సారాభాయ్. మనసును శాంతపరచడానికే సంగీతం అని ఆమె చెప్పిన మాట ఆయన ఆలోచనను మలుపు తిప్పింది. వాద్యగాడు ఒక్క స్వరమూ పలికించకుండా కూర్చునే ఆయన రచన 1952లో వచ్చింది.

ఇక చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా సంగీతంలో వాద్యకారుడు. 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ సంగీత యంత్రాలు మూడింటిని జతచేసి, డిస్కో దరువు మీద పది రాగాలు వాయించారు. రికార్డుల కంపెనీ హెచ్‌ఎంవీ దాన్ని ఎల్పీగా, అంటే ఎక్కువసేపు పలికే పెద్ద రికార్డుగా తెచ్చింది. అందులో మాల్కౌస్ ఉంది, అంటే మన హిందోళం. భూపాలీ ఉంది, అంటే మన మోహన. ఎవరూ పట్టించుకోలేదు. అయిదేళ్ల తరువాత షికాగో కుర్రవాళ్లు ఆ మూడింటిలో ఒకటైన టీబీ-303 యంత్రంతో కొత్త నృత్య సంగీతం పుట్టించి పేరు తెచ్చుకున్నారు. సింగ్ రికార్డు మాత్రం దుకాణాల్లో దుమ్ము కొట్టుకుపోయింది. 2002లో ఒక డచ్ సేకర్తకు ఢిల్లీ దుకాణంలో దొరికి, 2010లో మళ్లీ అచ్చయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. అప్పటికి సింగ్ వృద్ధులు. 2015లో కన్నుమూశారు. ఏరగా మిగిలిన గుట్టలోకి ఎవరో ఒకరు చేయి పెట్టకపోతే ఆ గౌరవం కూడా ఆయనకు దక్కేది కాదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కొనేటప్పుడు రికార్డును అంచులు పట్టుకుని వెలుతురుకు ఏటవాలుగా వంచి చూడండి. పాటకూ పాటకూ మధ్య నున్నటి చారలు కనిపిస్తాయి. ఏ చారా లేకుండా ఒక వైపంతా ఒకే పట్టీగా ఉంటే అది ఆలాపన అయినా కావాలి, ఇలాంటి రచన అయినా కావాలి. రెండూ తెచ్చుకోదగ్గవే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను, అంటే 78లను, స్పిరిటుతో తుడవకండి, వాటిలోని లక్క కరిగిపోతుంది. ఎల్పీలను నిలువుగా పెట్టండి. రోళ్లు పగిలే మన రోహిణి కార్తె ఎండలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే వంగిపోతాయి.

మీ ఇళ్లలో అటకల మీద పేరు తెలియని రికార్డులు ఉంటే వచ్చే నెల ఇదే హాలుకు తీసుకురండి. ప్లేయరు నేను తెస్తాను, 78ల కోసం వెడల్పాటి ముల్లు కూడా తెస్తాను. ఒక వైపు మొదలుపెడితే చివరిదాకా వింటాం, నచ్చలేదని మధ్యలో ముల్లు ఎత్తేది లేదు.