మైకును ఎలా పరీక్షించాలి?

నమస్కారం. విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి పందిరైనా, శ్రీరామనవమి పందిరైనా, బడి వార్షికోత్సవమైనా, ప్రార్థన కన్నా ముందు వినిపించేది మైకు మీద వేలితో కొట్టే "టక్ టక్" చప్పుడే. ఆ వెంటనే "హలో హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అంటారు. పెద్దవారైతే పందిరి చివరి గుంజ దగ్గరున్న కుర్రాణ్ణి "ఒరే, ఇనబడతందేటి?" అని మైకులోనే అడుగుతారు, వాడు రెండు చేతులూ పైకెత్తి ఊపుతాడు, అది అవునో కాదో వేదిక మీదివారికి తెలియదు. అన్నిటిలోకీ నాకు నచ్చిన పరీక్ష ఇదే, ఎందుకంటే ఇక్కడ మనిషి తన మామూలు గొంతుతో మాట్లాడుతున్నాడు, వినేవాడు దూరంగా నిలబడి వింటున్నాడు.

ఇప్పుడు ఈ జాలీ మీద వేలితో ఒక్కసారి తడుతున్నాను. "డబ్"మని ఎంత గట్టిగా మోగిందో విన్నారు కదా. సభల్లో వాడే మామూలు డైనమిక్ మైకులో జాలీ వెనక ఒక పల్చటి పొర, దానికి అంటించిన సన్నని తీగచుట్ట, ఒక అయస్కాంతం ఉంటాయి. మన మాటకు పొర కదిలితే తీగచుట్ట ఊగి కరెంటు పుడుతుంది. వేలిదెబ్బకు ఆ పొర ఒక్కసారిగా అదురుతుంది కాబట్టి, వాల్యూమ్ పెంచి ఉన్నప్పుడు తడితే ఆ అదురు స్పీకర్లనూ దెబ్బతీయవచ్చు. "ఫూ ఫూ" అని ఊదితే నోటి తేమ లోపలికి చేరుతుంది. స్టూడియోల్లో వాడే రిబ్బన్ మైకైతే పల్చటి లోహపు రేకు సాగి పాడైపోతుంది. దయచేసి ఊదకండి.

కొందరు జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటారు. వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించే రంధ్రాలు అక్కడే ఉంటాయి. అవి మూసుకుపోగానే స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి దూరి "కుయ్"మని అరుస్తుంది.

పరీక్ష కదా అని నోటికొచ్చినది అనకూడదు. 1984 ఆగస్టు 11న అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ రేడియో ప్రసంగానికి ముందు మైకు పరీక్షిస్తూ, ఐదు నిమిషాల్లో రష్యా మీద బాంబులు వేయడం మొదలుపెడతామని సరదాగా అన్నారు. అది ప్రసారం కాకపోయినా బయటకు పొక్కి పెద్ద దుమారం రేగింది.

మరి ఏమనాలి? ప, బ అక్షరాలకు నోటి గాలి మైకును కొడుతుంది. స, శ అక్షరాలకు ఈల లాంటి శబ్దం వస్తుంది. ఈ రెండు తేడాలూ తెలిసేలా నేను ఒక వాక్యం కట్టుకున్నాను: "పైడితల్లి పండగకు పాలకొండ పిన్ని, బొబ్బిలి బాబాయి, శ్రీకాకుళం సీతత్త వచ్చేశారు."

ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఈ వాక్యాన్ని మొదట మైకు నోటికి ఎదురుగా పెట్టి, తర్వాత బెత్తెడు దూరంలో కాస్త పక్కకు వంచి చెబుతాను. "పిన్ని" దగ్గర తేడా వినండి.