పెద్ద వింటి పక్కనున్న చిన్న బొమ్మలు

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని మెకానికల్ విద్యార్థులకు నమస్కారం. లియొనార్డో డావించి జయంతి కాబట్టి ఆయన గీసిన యుద్ధయంత్రాలన్నింటి మీదా మాట్లాడమన్నారు. అన్నీ చెప్పను. 1482 ప్రాంతంలో కొలువు కోరుతూ మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాకు ఆయన రాసిన ఉత్తరంలో వంతెనలు, ఫిరంగులు, కప్పువేసిన బండ్లు వరసగా ఉన్నాయి. బొమ్మలు వేయగలనన్న మాట చివర్లో వస్తుంది. అది చాలు. ఆయన ఒక కాగితం మీద గీసిన పెద్ద విల్లు, రాళ్లు విసిరే యంత్రం, దాని దగ్గరికి పోదాం.

ఆ కాగితం మిలాన్ అంబ్రోజియానా గ్రంథాలయంలో, కోడెక్స్ అట్లాంటికస్ అనే ఆయన కాగితాల సంపుటంలో ఉంది. కొలతలు ఆయనే రాశాడు. అల్లెతాడు కట్టే కొసల మధ్య 42 బ్రాచ్చోలు. బ్రాచ్చో అంటే చెయ్యి. మన మూర లాంటిదే, కాస్త పెద్దది, సుమారు 58 సెంటీమీటర్లు. అంటే 24 మీటర్ల పైచిలుకు విల్లు! బాగా లావున్న చోట 1 2/3 బ్రాచ్చోలు, సన్నటి చోట 2/3. దూలం పొడవు 40, వెడల్పు 2. విసరాల్సింది 100 లిబ్రాల రాయి, దాదాపు 34 కిలోలు.

పిల్లలూ, పెన్సిళ్లు తీయండి. మందం 97 సెంటీమీటర్లు. ఒకే మొద్దును 12 మీటర్ల వ్యాసార్ధానికి వంచామనుకోండి. పై అంచు ఎంత సాగాలి? మందాన్ని వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించండి. నూటికి 4 పాళ్లు. ఎండిన కర్ర నూటికి ఒక పాలు దగ్గరే చిట్లిపోతుంది. అందుకే ఆయన ఒకే మొద్దు పెట్టలేదు, పలకలు పేర్చాడు. పది పలకలు ఒకదాని మీద ఒకటి జారితే ఒక్కోదానికి 0.4 పాళ్లే. బతికిపోయాం అనుకుంటారు. కాదు! పూర్తిగా జారనిస్తే బిగువు నూరో వంతుకు పడిపోతుంది. జారనిస్తే బలం లేదు, బిగిస్తే విరుగుతుంది. అసలు చిక్కు ఇదీ. దీనికి తోడు సొంత బరువు: కొలతలన్నీ రెట్టింపైతే బరువు ఎనిమిదింతలు, ఆ బరువు మోసే అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే.

మరి ఆ కాగితం దేనికి పనికొస్తుంది? పక్కనున్న చిన్న బొమ్మలు చూడండి. తాడును వెనక్కి లాగే మరను, అంటే స్క్రూను, విడిగా గీశాడు. మర వాలు తక్కువైతే ఒరిపిడే దాన్ని పట్టి ఉంచుతుంది, చెయ్యి వదిలినా తాడు జారిపోదు. వదిలే కొక్కేనికి రెండు పద్ధతులు వేశాడు: సుత్తితో కొట్టేది ఒకటి, మీటతో లాగేది ఒకటి. ఒకే పనికి రెండు భాగాలు గీసి పోల్చుకోవడం, అదీ ఇంజనీరు చెయ్యి. చిన్న బొమ్మలు చూడండి, మళ్లీ చెబుతున్నాను, చిన్న బొమ్మలు చూడండి.

బ్రిటిష్ మ్యూజియంలోని కప్పుబండి బొమ్మదీ ఇదే కథ. లోపల ఎనిమిది మంది చేతిపిడులు తిప్పాలి. గీసింది గీసినట్టు చేస్తే ముందు చక్రాలు ఒక దిక్కుకు, వెనక చక్రాలు ఎదురు దిక్కుకు తిరుగుతాయి; బండి కదలదు. శత్రువుకు చిక్కినా పనికిరాకుండా కావాలనే తప్పు గీశాడంటారు. ఆ మాటకు ఆ కాగితం మీద ఆధారం లేదు. ప్రదర్శనల్లో మాత్రం బండి చక్కగా నడుస్తుంది, ఎందుకంటే పళ్లచక్రాలను నమూనా చేసినవాళ్లు సరిదిద్దారు. చాలాచోట్ల ఆ సంగతి చీటీ మీద ఉండదు. నా బాధంతా అదే.

వచ్చే ప్రదర్శనకు మీ కాలేజీలో ఎవరైనా ఈ బండి చేస్తే, ముందు ఒక్కో చక్రం మీదా తిరిగే దిక్కును బాణంతో గుర్తించండి. తర్వాత చీటీ రాయండి: ఏ చక్రం మార్చాం, ఎటు మార్చాం, ఎందుకు మార్చాం.