డిస్క్ పెంచినా సర్వర్‌లో చోటు పెరగలేదు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఒడిశా సరిహద్దులో షాపులు, మిల్లులు, కోచింగ్ సెంటర్లు నడిపే మనవాళ్లు చాలామంది లెక్కలన్నీ చిన్న క్లౌడ్ సర్వర్ మీదే పెట్టుకున్నారు. ఈ వారం వాళ్ల కోసమే. మొదటి కాల్ పర్లాకిమిడి నుంచి.

కాలర్: నమస్తే మేడమ్. మాది హోల్‌సేల్ కిరాణా, పాతపట్నంలో ఇంకో గోడౌన్ ఉంది, రెండు చోట్లా బిల్లులు ఒకే ఉబుంటు సర్వర్ నుంచి తీస్తాం. పొద్దున్నుంచి ఒక్క బిల్లూ పడట్లేదు, డిస్క్ నిండిపోయిందంటోంది. సర్వర్ కంపెనీ వాళ్ల పేజీలో 40 జీబీని 100 చేశాను, డబ్బులూ కట్టాను, అయినా లోపల 39 జీబీయే, 100% నిండిందనే చూపిస్తోంది. అవతల సరుకు ఎక్కించుకుని ఆటోలు నిలబడున్నాయి, మా నాన్నకి ఒకటే టెన్షన్. డబ్బులు పోయినట్టేనా?

సలహాదారు: ఏమీ పోలేదు బాబూ, కంగారుపడకండి. పక్క స్థలం కొన్నారు, ప్రహరీ ఇంకా పాత చోటే ఉంది, అంతే. డిస్క్ పెరిగింది, దాని మీద గీసిన పార్టిషన్, అంటే డిస్క్‌లో విడదీసిన భాగం, పెరగలేదు, దాని లోపల ఫైళ్లను సర్దే ఫైల్‌సిస్టమ్‌కి ఈ సంగతే తెలియదు. ఒక్కోదాన్నీ వరసగా మనమే పెంచాలి. స్నాప్‌షాట్, అంటే సర్వర్ ఇప్పుడున్నది ఉన్నట్టు ఒక కాపీ, తీశారా?

కాలర్: లేదండి.

సలహాదారు: ముందు అది తీయండి. ఆటోలు ఇంకో పది నిమిషాలు ఆగుతాయి, బాకీల లెక్క పోతే తిరిగి రాదు. తీశాక, డిస్క్‌నీ పార్టిషన్లనీ చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టి, కనిపించింది కనిపించినట్టు చదవండి.

(కాల్ హోల్డ్‌లో ఉంది)

కాలర్: తీశాను మేడమ్. ఎస్‌డీఏ 100జీ. దాని కింద ఎస్‌డీఏ1 39.9జీ, ఎస్‌డీఏ14 4ఎం, ఎస్‌డీఏ15 106ఎం. ఒకటి తర్వాత ఈ రెండూ ఉన్నాయి కదా, అడ్డం రావా?

సలహాదారు: మంచి ప్రశ్న. నంబర్ పెద్దదే గానీ ఆ రెండూ డిస్క్ మొదట్లోనే ఉంటాయి, బూట్ కోసం. చివర ఉన్నది ఎస్‌డీఏ1, దాని వెనకంతా ఖాళీ. వాటి జోలికి పోవద్దు, డిలీట్ చేయమని ఎవరు చెప్పినా వినొద్దు. ఇప్పుడు పార్టిషన్‌ని పెంచే కమాండ్: సుడో గ్రోపార్ట్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ, ఒక స్పేస్, తర్వాత 1. ఆ స్పేస్ మర్చిపోవద్దు, చాలామంది కలిపి రాసేసి ఎర్రర్ వచ్చిందంటారు.

కాలర్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అంటోంది మేడమ్! చోటు కోసమేగా ఇదంతా చేస్తున్నది!

సలహాదారు: అదే అనుకున్నాను. మామూలుగా ఇలాంటి క్లౌడ్ సర్వర్‌ని రీబూట్ చేస్తే ఈ పనంతా అదే చేసుకుంటుంది, కానీ పూర్తిగా నిండిపోయినప్పుడు దాన్ని నమ్ముకోలేం. గ్రోపార్ట్ పని చేయాలంటే తాత్కాలిక ఫైళ్లుండే టీఎంపీ ఫోల్డర్‌లో కాస్త చోటు కావాలి, మీ దగ్గర అదీ లేదు. కాబట్టి కాసేపు ర్యామ్‌లోంచి ఇద్దాం. సుడో మౌంట్, హైఫన్ ఓ, సైజ్ ఈక్వల్ టు 10ఎం, హైఫన్ టీ, టీఎంపీఎఫ్ఎస్, మళ్లీ టీఎంపీఎఫ్ఎస్, స్లాష్ టీఎంపీ. అయ్యాక ఇందాకటి గ్రోపార్ట్ మళ్లీ కొట్టండి.

కాలర్: ఛేంజ్‌డ్ అని పెద్ద అక్షరాల్లో వచ్చింది!

సలహాదారు: సగం పని అయింది. నోఛేంజ్ అని వచ్చుంటే కొత్త సైజు సర్వర్‌కి ఇంకా కనపడలేదేమో చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫైల్‌సిస్టమ్‌ని పెంచడానికి సుడో రీసైజ్2ఎఫ్ఎస్, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ1. ఈసారి స్పేస్ లేకుండా కలిపే రాయాలి. మీ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 రకం కాబట్టి సర్వర్ నడుస్తుండగానే పెరుగుతుంది. తర్వాత చోటెంతుందో చూడ్డానికి డీఎఫ్ హైఫన్ హెచ్.

కాలర్: 97జీ మేడమ్! 40% అంటోంది. ఆ మూడు జీబీలు?

సలహాదారు: ఫైల్‌సిస్టమ్ తన లెక్కల కోసం కొంత ఉంచుకుంటుంది, అది మామూలే. ఆ టీఎంపీని అన్‌మౌంట్ చేసి, డేటాబేస్ రీస్టార్ట్ చేసి బిల్లు తీయండి. ఆటోలు వెళ్లాక మాత్రం ఆ 39 జీబీ దేంతో నిండిందో చూడండి, పాత బ్యాకప్‌లు గానీ, సర్వర్ రాసుకునే లాగ్‌లు గానీ పేరుకుని ఉంటాయి. చూడకపోతే ఈ 97 కూడా నిండుతుంది.

యాంకర్: బరంపురం నుంచి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఒక అన్నగారు.

కాలర్: మేడమ్, నేను డిస్క్ పెంచలేదు. 200 జీబీ డిస్క్ మీద ఉబుంటు సర్వర్ కొత్తగా వేశాను, వంద కూడా చూపించట్లేదు.

సలహాదారు: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎల్‌వీఎం, అంటే డిస్క్ చోటుని వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి, దాని టిక్ అలాగే ఉంచేసి ఉంటారు. ఈ సైజు డిస్క్‌లో ఇన్‌స్టాలర్ సగం చోటే వాడి, మిగతాది వాల్యూమ్ గ్రూప్‌లో ఖాళీగా ఉంచుతుంది. వీజీఎస్ కొడితే వీఫ్రీ కింద కనిపిస్తుంది. సుడో ఎల్‌వీఎక్స్‌టెండ్, హైఫన్ ఆర్, హైఫన్ ఎల్, ప్లస్ 100%ఫ్రీ, ఆ తర్వాత మీ లాజికల్ వాల్యూమ్ పేరు. హైఫన్ ఆర్ పెడితే ఫైల్‌సిస్టమ్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. రేపు డిస్క్ పెంచితే మాత్రం గ్రోపార్ట్ తర్వాత, దీనికి ముందు, కొత్త చోటు ఎల్‌వీఎంకి తెలిసేలా పీవీరీసైజ్ కూడా చేయాలి.

యాంకర్: చివరి కాల్, రాయగడ.

కాలర్: అక్కా, 50ని 100 చేశాను, గ్రోపార్ట్ బాగానే అయింది, రీసైజ్2ఎఫ్ఎస్ కొడితే బ్యాడ్ మ్యాజిక్ నంబర్ అంది. డేటా పాడైందా?

సలహాదారు: డీఎఫ్ హైఫన్ పెద్ద టీ కొట్టు తమ్ముడూ. టైప్ కింద ఏముంది?

కాలర్: ఎక్స్ఎఫ్ఎస్.

సలహాదారు: అదీ సంగతి. ఏమీ పాడవలేదు. నీది వేరే రకం ఫైల్‌సిస్టమ్, ఆ కమాండ్ ఈఎక్స్‌టీ రకాలకే పనిచేస్తుంది. నీకు కావాల్సింది ఎక్స్ఎఫ్ఎస్ అండర్‌స్కోర్ గ్రోఎఫ్ఎస్, దానికి పార్టిషన్ పేరు కాకుండా మౌంట్ అయిన చోటు ఇవ్వాలి, నీకైతే ఒక్క స్లాష్.

కాలర్: అయింది అక్కా. మళ్లీ మళ్లీ ఈ గొడవ లేకుండా ఒకేసారి 500 చేసేయనా?

సలహాదారు: వద్దు. ఎక్స్ఎఫ్ఎస్‌ని పెంచగలవు గానీ మామూలుగా తగ్గించలేవు, చాలా క్లౌడ్ కంపెనీలు డిస్క్‌నీ తగ్గించనివ్వవు. తీసుకున్నదానికి నెలనెలా కడుతూనే ఉండాలి. ఇప్పుడు చూశావుగా, పెంచడం ఐదు నిమిషాల పని.

కాలర్: అయితే ప్రస్తుతానికి వందతోనే ఉంటానక్కా.