ఆయన ఫైలు సరే, మీ ఫైలేదమ్మా?

శ్రోతలందరికీ నమస్కారం.

పెద్దాసుపత్రి ఓపీ ముందు కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? చాలామంది పేషెంట్లు కారు, పేషెంటుతో వచ్చినవాళ్ళు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో భర్త రిపోర్టులన్నీ తేదీల వారీగా. డాక్టరు అడగడమే ఆలస్యం, "పోయిన నెల క్రియాటినైన్ 2.1 అండీ, ఇప్పుడు 2.4 వచ్చింది" అని కాగితం చూడకుండా చెప్పేస్తారు. అదే ఆవిణ్ణి మీ షుగర్ ఎంతమ్మా అని అడగండి. "నాకేంటండీ, నేను బానే ఉన్నా" అంటారు. ఇవాళ నా మాటలు ఆ "నాకేంటండీ" అనే ఆవిడ లివర్ గురించి.

లివర్ జబ్బనగానే మనకి తాగుడే గుర్తొస్తుంది, చుక్క ముట్టని ఇల్లాలికి లివర్ ఎందుకు పాడవుతుందీ అనుకుంటాం. కానీ నెలసరి ఆగిపోయే వయసులో, అంటే మెనోపాజ్‌లో, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోతుంది. అది ఉన్నన్నాళ్ళూ ఒంట్లో కొవ్వు ఎక్కువగా తొడలకీ పిరుదులకీ చేరుతుంది, తగ్గాక పొట్టచుట్టూ, లివర్‌లోనూ పేరుకోవడం మొదలవుతుంది. లివర్‌లో అలా కొవ్వు చేరడాన్నే ఫ్యాటీ లివర్ అంటారు. మన ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి, బరువు మామూలుగానే ఉన్నా సరే.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో చిక్కుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలేవని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో కనిపిస్తాయి. ఆ ఆపరేషన్లో అండాశయాలు కూడా తీసేసి ఉంటే మెనోపాజ్ మెల్లగా రాదు, ఆ వారంలోనే వచ్చి కూర్చుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళకి అలా జరిగినావిడ నాకింకా యాభై రాలేదు కదా అనుకుంటే లెక్క తప్పుతుంది.

దీని మీద ఆయన జబ్బు. పక్షవాతమో, డయాలసిస్సో, క్యాన్సరో. ఆయనకి ఉప్పు తగ్గించి వేరే కూర, రాత్రి రెండుసార్లు లేచి పక్క మార్చడం, మధ్యలో ఫోన్లు. ఈవిడ తినేది మూడింటికి, అదీ ఆయన వదిలేసిన ఇడ్లీ పారేయలేక, నిలబడే. నీరసమొస్తే పంచదార వేసిన టీ, రోజుకి నాలుగైదుసార్లు. నడకంటే మందుల షాపు దాకా. టెన్షన్ వల్లే లివర్ పాడవుతుందని నేను అనను గానీ, టెన్షన్ నిద్రనీ తిండినీ చెడగొడుతుంది, అవి షుగర్నీ పొట్టనీ పెంచుతాయి, తిరిగి తిరిగి ఆ బరువు లివర్ మీదే పడుతుంది.

ఇక మాత్రలు. ఆయన్ని లేపీ కూర్చోబెట్టీ నడుం పట్టేసిందని పారాసిటమాల్ 650 వేసుకుంటారు. రోజు మొత్తంలో ఆరు మాత్రలంటే దాదాపు నాలుగు గ్రాములు, ఎంత ఆరోగ్యవంతులకైనా అదే ఆఖరి హద్దు. సరిగా తినకుండా ఉన్నవాళ్ళకి అంతకూడా ఎక్కువే. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుందని మర్చిపోతాం. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని ఆన్‌లైన్‌లో తెప్పించుకునే బ్లాక్ కోహోష్ అనే మూలిక మాత్రలు, అశ్వగంధ క్యాప్సూళ్ళు, కరోనా రోజుల్లో అలవాటైన తిప్పతీగ కషాయం, వీటితో కొందరికి లివర్ వాచిందని డాక్టర్లు రాశారు. తిప్పతీగ సంగతి 2021లో ముంబై డాక్టర్లే బయటపెట్టారు. ఆకే కదా ఏం చేస్తుందిలే అనకండి, ఏం వాడుతున్నారో డాక్టరుకి చెప్పండి.

మరి ఏం చేయాలి? ఆయన రక్తం ఇవ్వడానికి ల్యాబుకి వెళ్ళినరోజే మీరూ చెయ్యి చాపండి. వేరే రోజు కుదరదు, మీకూ తెలుసు. సీబీపీ అనే రక్తకణాల పరీక్ష, లివర్ పరీక్ష, షుగర్, కొలెస్ట్రాల్ చాలు. లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన లివర్ బాగున్నట్టు కాదు, అందుకే ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, పైసా ఖర్చులేదు. మీ వయసు, ఎస్‌జీపీటీ, అదే కాగితంలో ఉండే ఎస్‌జీఓటీ అనే ఇంకో ఎంజైమ్, సీబీపీలో వచ్చే ప్లేట్‌లెట్లు, ఈ నాలుగింటితో డాక్టరు ఫోన్లోనే వేసి చెబుతారు. ఉదాహరణకి 56 ఏళ్ళావిడకి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలు అనుకోండి. చాలా ల్యాబుల కాగితం మీద ఇవన్నీ నార్మలే. లెక్క కడితే మాత్రం 2.07 వస్తుంది. 1.3 దాటితే లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయించుకోమంటారు, 65 దాటినవాళ్ళకి ఆ హద్దు 2. ఎక్కువ వచ్చిందని గుండె జారిపోనక్కర్లేదు, లివర్ గట్టిపడిందేమో చూడమని చెప్పడమే అది.

ఆయనకి ఒకరి నుంచి ఒకరికి సోకే లివర్ వైరస్ హెపటైటిస్ బి ఉంటే మాత్రం ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. మీకూ పరీక్ష చేయించాలి, లేదని తేలితే ఆరు నెలల్లో మూడు డోసుల టీకా. ఇళ్ళల్లో ఇంకోటి చూస్తుంటాం: ఆయనకి షుగర్ చూసిన సూదితోనే "నాదీ ఓసారి చూద్దాం" అని వేలు పొడుచుకోవడం. ఎవరికి ఏ జబ్బున్నా లేకపోయినా అది వద్దు, రక్తంతో వ్యాపించేవన్నీ ఆ చిన్న సూది మొన మీద ఉండొచ్చు.

కళ్ళు పచ్చబడినా, కాళ్ళు వాచినా, మలం తారులా నల్లగా వచ్చినా, అలసటతో పాటు ఒళ్ళంతా విడవకుండా దురద పెడుతున్నా, మెనోపాజ్‌లో ఇవన్నీ మామూలే అనే మాట వినకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఫ్యాటీ లివర్‌కి అన్నిటికంటే బాగా పనిచేసేది బరువు తగ్గడం. 70 కిలోలున్నావిడ ఐదు కిలోలు తగ్గితే లివర్‌లో కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గుతుంది. దానికి నడవాలి, నడవడానికి ఇల్లు కదలాలి, అక్కడే చిక్కంతా. కాబట్టి వింటున్న కొడుకులూ కూతుళ్ళూ, అమ్మకి వాట్సాప్‌లో వాకింగ్ వీడియోలు పంపడం ఆపండి. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా నాన్న దగ్గర మీరు కూర్చోండి. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారా, ఆ ఒక్క గంటకి మనిషిని పెట్టి జీతం మీరివ్వండి. అమ్మ వద్దంటుంది, అన్నా సరే పెట్టండి.

సెలవు.