ఎల్లిస్ ఐలాండ్‌లో పేర్లు మార్చలేదు: ఒక క్రొయేషియన్ తాతను వెతికే దారి

[తెర మీద: ఓడ ప్రయాణికుల పాత జాబితా, చేతిరాతతో నిండిన ఒక పేజీ]

నమస్కారం. నన్ను బాగా విసిగించే ఒక కథతో మొదలుపెడతాను. "మా ముత్తాత ఓడ దిగాడు. ఎల్లిస్ ఐలాండ్‌లో కూర్చున్న గుమాస్తాకి ఆయన పేరు నోరు తిరగలేదు. తోచిన పేరేదో రాసి పంపించేశాడు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎల్లిస్ ఐలాండ్ అంటే, ఓడల్లో అమెరికా వచ్చిన వలసవాళ్ళని న్యూయార్క్ రేవులో తనిఖీ చేసిన చోటు.

మేముండేది పిట్స్‌బర్గ్‌లో. ఈ ఊరంటే మన తెలుగువాళ్ళకి పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. క్రొయేషియన్లకి ఉక్కు ఫ్యాక్టరీలు, వాటిల్లో ఒళ్ళు హూనం చేసుకున్న తాతలు గుర్తొస్తారు. మా పక్కింటి పెద్దావిడ తాతగారు అలా వచ్చినవారే. ఆవిడా ఇదే కథ చెప్పింది. ఆవిడ కోసం రికార్డులు తిరగేస్తూ తిరగేస్తూ నేనే ఈ పిచ్చిలో పడిపోయాను.

ఆ కథ ఎందుకు తప్పో చెప్తాను. మన రైల్లో టీసీని ఒక్కసారి తలుచుకోండి. ఆయన చేతిలో చార్ట్ ఉంటుంది. మన పేరు కొత్తగా రాయడు. చార్ట్‌లో ఉన్న పేరు చదివి, మనమేనా కాదా చూసుకుని టిక్కు పెడతాడు. ఆ చార్ట్ బండి కదలకముందే తయారైంది. ఎల్లిస్ ఐలాండ్ ఇన్‌స్పెక్టర్ చేసిందీ అదే పని. ఆయన ముందున్న జాబితా ఓడ కంపెనీ వాళ్ళు యూరప్ రేవులోనే రాసింది. పైగా వచ్చినవాళ్ళ భాష తెలిసిన దుబాసీలు కూడా అక్కడ ఉండేవారు.

మరి పేరు మారలేదా అంటే, మారింది. దారి పొడుగునా మారుతూనే వచ్చింది.

ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు ఇవాన్ కొవాచెవిచ్. ఇప్పటి క్రొయేషియాలోని డాల్మేషియా తీరంలో బ్రాచ్ అనే ద్వీపం, అందులో సెల్ట్సా అనే ఊరు. కొవాచ్ అంటే కమ్మరి. కొవాచెవిచ్ అంటే కమ్మరి కొడుకు. మన దగ్గర కమ్మరి ఇంటిపేరు ఉన్నవాళ్ళకి ఇది వెంటనే పట్టుబడుతుంది.

పుట్టగానే చర్చిలో బాప్తిస్మం. ఫాదర్ లాటిన్‌లో 'జొయానెస్' అని రాశాడు. డాల్మేషియా ఆఫీసుల్లో చాలాకాలం ఇటాలియన్ నడిచింది కాబట్టి అక్కడ 'జొవాన్ని' అయ్యాడు. అదే హంగరీ ఏలుబడిలో ఉన్న ప్రాంతమైతే 'యానోష్' అయ్యేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఇవానే. ఉక్కు ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో జాన్. ఒకే మనిషికి నాలుగు పేర్లు, ఒక్కటి కూడా అబద్ధం కాదు.

ఇంటిపేరు చివర ఇంగ్లీషులో ఒక 'హెచ్' వచ్చి చేరుతుంది. అది అమెరికా వాళ్ళ పని అనుకుంటారు. ఇటాలియన్ పద్ధతిలో రాసిన డాల్మేషియా పుస్తకాల్లో ఆ హెచ్ అప్పటికే ఉంది, మొదటి అక్షరం 'కె' బదులు 'సి' కూడా ఉండొచ్చు. అందుకే వెతికేటప్పుడు రెండు అక్షరాలతోనూ వెతకండి.

కొన్ని కుటుంబాల్లో కొవాచ్ కాస్తా 'స్మిత్' అయింది. ఒక్క క్షణం ఆలోచించండి. కొవాచ్ అంటే కమ్మరి అని న్యూయార్క్ గుమాస్తాకి ఎలా తెలుస్తుంది? ఆ మాటకి అర్థం తెలిసినవాడే స్మిత్ అని పెట్టుకుంటాడు. అంటే ఆ పేరు తాతగారు తనే ఎంచుకున్నారు. నాకు ఈ విషయం చాలా ఇష్టం. ఎవరో ఆయన పేరు లాగేసుకున్నారని మనవలు నూరేళ్ళు బాధపడ్డారు. ఆయనేమో తన పేరునే అనువాదం చేసుకుని దాచుకున్నాడు.

[తెర మీద: 1910 నాటి ఆస్ట్రియా-హంగరీ పటం]

రెండో అపార్థం. "మావాళ్ళు క్రొయేషియన్లు అంటారు గానీ, కాగితాల్లో ఆస్ట్రియా అని ఉంది." 1918 దాకా అదంతా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. డాల్మేషియా, ఇస్ట్రియా ఆస్ట్రియా వాటాలో ఉండేవి. జాగ్రెబ్ చుట్టుపక్కల ఉన్న క్రొయేషియా-స్లవోనియా హంగరీ వాటాలో ఉండేది. తర్వాత సెర్బులు, క్రొయేట్లు, స్లొవేన్ల రాజ్యం. 1929లో దానికే యుగోస్లావియా అని పేరు. అందుకే మన ఇవాన్ ఒక జనాభా లెక్కల్లో ఆస్ట్రియావాడు, ఇంకో దాంట్లో యుగోస్లావియావాడు.

చాలామందికి చిరాకు తెప్పించే ఈ 'దేశం' గడే అసలైన ఆధారం. బ్రాచ్ ద్వీపంలో సెల్ట్సా ఉంది కదా, ఉత్తరాన త్స్రిక్వెనిత్సా పక్కన సముద్రం ఒడ్డునే సెల్ట్సె అని ఇంకో ఊరుంది. జాబితాలో చెవికి వినపడినట్టు రాస్తే రెండూ ఒకటే. కానీ మొదటిది ఆస్ట్రియా వాటా, రెండోది హంగరీ వాటా. ఆ గడిలో ఏముందో చూస్తే ఊరు తేలిపోతుంది.

ఊళ్ళ పేర్లకీ మారుపేర్లున్నాయి. స్ప్లిట్‌ని స్పలాటో అన్నారు, జాదర్‌ని జారా, బ్రాచ్‌ని బ్రాత్సా, హ్వార్‌ని లెసినా, దుబ్రోవ్నిక్‌ని రగూసా. ఇవన్నీ ఇటాలియన్ పేర్లు. జాగ్రెబ్‌కి జర్మన్ పేరు ఆగ్రామ్. మనిషి పేరు వెంటపడితే ఏళ్ళ తరబడి తిరుగుతాం. ఊరు దొరికితే మనిషి దొరుకుతాడు.

అసలు ఎందుకు వెళ్ళారు? బ్రాచ్ లాంటి చోట బతుకంతా ద్రాక్షతోటలే. 1892 నుంచి ఇటలీ వైన్ తక్కువ సుంకంతో వచ్చిపడింది, ధర పడిపోయింది. ఆ వెనకే ఫైలోక్సెరా అనే పురుగు వేళ్ళు కొరికేసి తోటల్ని ఎండబెట్టింది. ఆ తోటల్లో పెరిగిన కుర్రాళ్ళు కాలిఫోర్నియా చేపల రేవుల్లో, చిలీలో, న్యూజిలాండ్‌లో కౌరీ చెట్ల జిగురు తవ్వే నేలల్లో, ఇక్కడి కొలిమిల దగ్గర తేలారు.

[తెర మీద: జాబితా రెండు పేజీలూ పక్కపక్కన]

ఇప్పుడు చార్ట్ దగ్గరికి వద్దాం. 1907 తర్వాతి జాబితాలో ఒక్కో మనిషికి 29 ప్రశ్నలు, రెండు పేజీల వెడల్పు. చాలామంది ఎడమ పేజీ చూసి ఊరుకుంటారు, దయచేసి అలా చేయకండి. ఎడమ పేజీలో వదిలి వచ్చిన దేశంలో దగ్గరి బంధువు ఎవరు, ఏ ఊరు అని ఉంటుంది. "తండ్రి మాతె, సెల్ట్సా." కుడి పేజీలో ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు, చేతిలో డబ్బెంత, ఎత్తెంత, కళ్ళ రంగేంటి, ఇంతకుముందు అమెరికా వచ్చాడా అని ఉంటాయి. ఆ చివరి ప్రశ్న వదలకండి. వచ్చి, వెనక్కెళ్ళి, మళ్ళీ వచ్చినవాళ్ళు చాలామంది. ఒక్క మనిషికి మూడు జాబితాలు దొరికినా ఆశ్చర్యం లేదు.

పేరు మీద గీత కొట్టేసి ఉంటే సాధారణంగా ఓడ ఎక్కలేదని. చార్ట్‌లో పేరుండీ బండి అందుకోలేకపోయినవాళ్ళలాగా. దిగాక ఆపి ఉంచినవాళ్ళకి వేరే జాబితా ఉంటుంది, చివరి పేజీల్లో చూడండి. వృత్తి అన్న గడిలో వేరే సిరాతో అంకెలు ఇరికించి ఉన్నాయా? అవి ఓడ వచ్చిన రోజువి కావు. ఏళ్ళ తర్వాత ఆయన పౌరసత్వానికి దరఖాస్తు చేసుకుంటే, అధికారులు ఈ పాత జాబితా తీసి సరిచూసి వేసిన నంబరు. టీసీ చార్ట్‌ని ఇరవై ఏళ్ళు బీరువాలో దాచి, మళ్ళీ తీసి సంతకం పెట్టినట్టు.

ఓడల మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇప్పటి రియెకా రేవుని అప్పట్లో ఫియూమె అనేవారు. అక్కడి నుంచి న్యూయార్క్‌కి కునార్డ్ ఓడలు నడిచేవి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళని ఎక్కించుకున్న కార్పేథియా ఆ దారిలో తిరిగిన ఓడే. దాని లైఫ్ జాకెట్ ఒకటి రియెకా మ్యూజియంలో ఉంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. 1906 సెప్టెంబర్ తర్వాతి పౌరసత్వ కాగితాల్లో పుట్టిన ఊరు, ఎక్కిన ఓడ ఉంటాయి. 1942లో పెద్ద వయసు మగవాళ్ళ దగ్గర తీసుకున్న డ్రాఫ్ట్ కార్డులో, అంటే సైన్యం కోసం పేరు నమోదు చేసిన కార్డులో, పుట్టిన చోటు ఉంటుంది. 1936 నుంచి సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను పథకం దరఖాస్తులో తల్లి పుట్టింటి పేరు కూడా దొరుకుతుంది. జనాభా లెక్కలు 1950 దాకా చూడొచ్చు. అక్కడ ఒక్క ఇంట్లో పదిమంది బోర్డర్లు, అంటే డబ్బిచ్చి ఆ ఇంట్లో ఉంటూ తినేవాళ్ళు, కనిపిస్తే అందరి పేర్లూ రాసుకోండి, చాలాసార్లు ఒకే ఊరివాళ్ళు. 1894లో ఇక్కడే పుట్టిన క్రొయేషియన్ల సంఘం ఒకటుంది, 1926 నుంచి దాని పేరు క్రొయేషియన్ ఫ్రాటర్నల్ యూనియన్. సభ్యుడు చనిపోతే కుటుంబానికి డబ్బిచ్చేది, కాబట్టి కాగితాలు పుట్టాయి. దగ్గర్లో ఉంటే మిల్‌వేల్‌లోని సెయింట్ నికొలస్ చర్చికి వెళ్ళండి. మాక్సో వాంకా అనే చిత్రకారుడు 1937లో, 1941లో అక్కడి గోడల మీద ఈ కార్మికుల, తల్లుల బొమ్మలు వేశాడు.

ఊరు తెలిశాక చర్చి పుస్తకాలు. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో చాలా ఉన్నాయి, ఉచితం. ఊరంతా ఒకే ఇంటిపేరు ఉంటే భయపడకండి. మన ఊళ్ళలో తూర్పింటోళ్ళు, పడమటింటోళ్ళు అన్నట్టే అక్కడా కుటుంబానికో మారుపేరు ఉంటుంది. కొన్నిచోట్ల ఫాదర్ దాన్ని కూడా రాసేవాడు. కుటుంబం మొత్తం ఒకే పేజీలో ఉండే పుస్తకం ఇంకొకటుంది, దాని పేరు 'ఆత్మల స్థితి'.

బాప్తిస్మం వరస దొరికాక పేజీ మూసేయకండి, అంచు చూడండి. 1908 నుంచి కాథలిక్కులు ఎక్కడ పెళ్ళి చేసుకున్నా ఆ కబురు పుట్టిన ఊరి చర్చికి పంపాలని నియమం ఉంది. జొయానెస్ అన్న పేరు పక్కన, పాతికేళ్ళ తర్వాత ఇంకో ఫాదర్ సన్నటి అక్షరాలతో పెళ్ళి తేదీ, భార్య పేరు, అమెరికాలోని ఊరు రాసి ఉండొచ్చు.