గీత గీసే ముందు ఊరిని అడగండి

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఈ కార్యక్రమం కోసం వారం రోజులుగా పరుగులు పెట్టిన నిర్వాహక మిత్రులకు నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ విద్యార్థులకు కూడా. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయమ్మా, వచ్చి కూర్చోండి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను.

ఈ రోజు డిసెంబర్ 11, అంతర్జాతీయ పర్వత దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2002ను పర్వతాల సంవత్సరంగా జరిపి, ఆ మరుసటి ఏడాది నుంచి ఈ తేదీని పర్వతాలకు కేటాయించింది. నాకు ఇచ్చిన అంశం ‘పర్వత ప్రాంతాల్లో పరిరక్షణ, విహారం: ఉమ్మడి ప్రాంతీయ ప్రణాళిక’. అంశం గురించి మాట్లాడతాను. అయితే ఈ వేదిక మీద కొందరి పేర్లు గట్టిగా పలకాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. ఈ రంగంలోకి వచ్చే పిల్లలను అడుగుతుంటాను, చంద్ర గురుంగ్ ఎవరో తెలుసా, మింగ్మా నోర్బు షెర్పా ఎవరో తెలుసా అని. తెలియదంటారు. ఎవరెస్టు ఎక్కినవాళ్ళ పేర్లు మాత్రం వరసగా చెబుతారు. ఆ లోటు నన్ను బాధపెడుతుంది.

మింగ్మా నోర్బు ఎవరెస్టు ప్రాంతపు మనిషి. ఎడ్మండ్ హిల్లరీ ఖుమ్‌జుంగ్‌లో కట్టించిన బడిలో చదువుకుని, న్యూజిలాండ్‌లో పార్కుల నిర్వహణ నేర్చుకుని, ఎవరెస్టు చుట్టూ ఉన్న సాగర్‌మాత జాతీయ పార్కుకు వార్డెన్ అయ్యారు. ఆ ఉద్యోగంలోకి వచ్చిన మొదటి షెర్పా ఆయనే. చంద్ర గురుంగ్‌ది నేపాల్‌లోనే అన్నపూర్ణ కొండల కింద ఉన్న సిక్లెస్. ఆ ఊళ్ళో పుట్టి, పెద్ద చదువులు చదివి, మళ్ళీ ఆ కొండలకే పని చేయడానికి వచ్చారు.

వాళ్ళు ఏం చేశారో అర్థం కావాలంటే అప్పటి నేపాల్ సంగతి కొంచెం తెలియాలి. 1957లో అక్కడి ప్రభుత్వం అడవులను జాతీయం చేసింది. అంతకుముందు చాలా ఊళ్ళు తమ అడవిని తామే కాపాడుకునేవి. ఎవరెస్టు కింది ఖుంబూ ప్రాంతంలోనైతే ఎవరు ఎక్కడ ఎంత కలప కొట్టాలో చూసే కాపలాదారులను ఊరే ఎన్నుకునేది. అడవి సర్కారుదని కాగితం వచ్చాక ఆ కట్టుబాటు సడలిపోయింది. తర్వాత 1970లలో జాతీయ పార్కులు వచ్చాయి. రారా సరస్సు చుట్టూ పార్కు పెట్టినప్పుడు అక్కడున్న రెండు ఊళ్ళవాళ్ళను లేపి, దిగువన తరాయి మైదానానికి తరలించారు. చల్లటి కొండ మీద పుట్టి పెరిగిన కుటుంబాలను ఎండ మండే మైదానంలో దించితే వాళ్ళ గతి ఏమవుతుందో మీరే ఊహించండి. ఆ కబురు కొండకొండకూ పాకింది. పార్కు అనే మాట వింటేనే జనం భయపడే రోజులవి.

సరిగ్గా ఆ రోజుల్లో అన్నపూర్ణకు ట్రెక్కర్లు వరదలా వస్తున్నారు. 8,091 మీటర్ల శిఖరం, పక్కనే కాళీ గండకి లోయ, ఎవరికి మాత్రం వెళ్ళాలని ఉండదు? వచ్చినవాళ్ళకు వేడినీళ్ళు కావాలి, వేడివేడి భోజనం కావాలి, రాత్రి చలి కాచుకోవడానికి మంట కావాలి. అన్నిటికీ కట్టెలే. కొండవాలు మీది అడవి పొయ్యిలోకి పోతోంది. 1985లో రాజు బీరేంద్ర ఆ ప్రాంతానికి వచ్చి, పర్యాటకం పెరగాలి, ప్రకృతి చెడకూడదు, దారి చూడండి అని ఆదేశించారు. అందరికీ తెలిసిన దారి ఒకటే, జాతీయ పార్కు ప్రకటించడం.

ఇక్కడ జరిగింది జాగ్రత్తగా వినండి. ఆ పని మీద ఊళ్ళలోకి వెళ్ళిన చిన్న బృందంలో మింగ్మా నోర్బు, చంద్ర గురుంగ్ ఉన్నారు. వాళ్ళు మ్యాపు తీసుకెళ్ళి చూపించలేదు. ముందు వెళ్ళి అడిగారు. నెలల తరబడి ఊరూరా తిరిగి, పశువులు ఎక్కడ మేస్తాయి, కట్టెలు ఎక్కడి నుంచి తెస్తారు, యాత్రికుల వల్ల మీకు మిగిలేదేంటి, పోయేదేంటి అని అడిగారు. పార్కు వద్దన్నారు జనం. వీళ్ళు రాజధానికి తిరిగొచ్చి అదే మాట చెప్పారు. పార్కు వద్దు, ఊళ్ళు ఉన్నచోటే ఉంటాయి, సాగూ మేతా సాగుతాయి, కాపాడే బాధ్యతలో ఊరికి భాగం ఉంటుంది, అలాంటిదేదైనా కావాలన్నారు. అలాంటిదేదీ చట్టంలో లేదు! 1986లో ఘాంద్రుక్ అనే ఊరు కేంద్రంగా పని మొదలైంది. చట్టాన్ని సవరించి ‘సంరక్షణ ప్రాంతం’ అనే కొత్త తరగతి చేర్చింది 1989లో. అన్నపూర్ణను అలా నోటిఫై చేసింది 1992లో. ముందు జనం, తర్వాత పని, ఆ తర్వాత చట్టం. మన దగ్గర ఈ వరస ఎప్పుడూ తిరగబడే ఉంటుంది.

ఈ రోజు అది 7,629 చదరపు కిలోమీటర్లు, నేపాల్‌లోని రక్షిత ప్రాంతాలన్నిటిలోకీ పెద్దది. లోపల లక్ష మంది దాకా నివసిస్తున్నారు. యాత్రికుల దగ్గర తీసుకునే ప్రవేశ రుసుము ఖజానాకు పోకుండా ఆ ప్రాంతం పనులకే వాడుకునేలా మొదట్లోనే ఏర్పాటు చేసుకున్నారు. డబ్బు విషయం ముందే తేల్చుకోవడం ఎంత ముఖ్యమో ఇక్కడున్న అధికారులకు నేను చెప్పక్కర్లేదు.

మీకు పొయ్యి సంగతి చెప్పాలి. ప్రణాళిక అంటే రంగురంగుల మ్యాపు అనుకునే వాళ్ళకు నేను ఎప్పుడూ ఈ పొయ్యే చూపిస్తాను. లాడ్జి వంటింట్లో పొయ్యి లోపలి గుండా ఒక ఇనుప గొట్టం పోతుంది. ఒక చివర నుంచి చన్నీళ్ళు లోపలికి వస్తాయి, అన్నం ఉడుకుతుండగానే ఆ సెగకు కాగి, రెండో చివర నుంచి పక్కనున్న డ్రమ్ములోకి పోతాయి. యాత్రికుడి స్నానానికి వేరే మంట అక్కర్లేదు. అంతే. ఒక గొట్టం, ఒక డ్రమ్ము. శిఖరాల మధ్య ఉన్న ‘అన్నపూర్ణ శాంక్చువరీ’ లోయకు వెళ్ళే దారిలో ఛోమ్రోంగ్ దగ్గర కిరోసిన్ డిపో పెట్టి, ఆ పైన కట్టెలు కాల్చకూడదని నియమం చేశారు. లాడ్జి యజమానులు కమిటీగా ఏర్పడి అందరికీ ఒకే మెనూ, ఒకే ధరలు పెట్టుకున్నారు. అడవికీ మెనూకీ సంబంధమేమిటి అంటారా? ధరల్లో ఒకరి గొంతు ఒకరు కోసుకుంటుంటే కిరోసిన్ కొనే స్తోమత ఎవరికీ మిగలదు. అందరూ ఒక మాట మీద ఉంటేనే కట్టెలు మానడం కుదురుతుంది. ఇది ఏ కన్సల్టెంటూ ఆఫీసులో కూర్చుని కనిపెట్టలేడు. ఆ వంటింట్లో కూర్చుని మాట్లాడినవాడికే తడుతుంది.

ఇంకా అమ్మల సంఘాలు. దారులు ఊడ్చింది, మొక్కలు నాటింది, సంఘం డబ్బుతో మెట్లు వేయించింది చాలాచోట్ల ఆడవాళ్ళే. వాళ్ళ గురించి ఒక గంట మాట్లాడొచ్చు, ఇవాళ వీలుకాదు.

నేను కూర్చున్న ఒక సమావేశం గుర్తొస్తోంది. ఎక్కడో, ఎవరిదో చెప్పను. ఒక కొండ ప్రాంతానికి విహార ప్రణాళిక, దాని మీద స్థానికుల అభిప్రాయం తీసుకోవడానికి సభ. హాల్లోకి వెళ్ళేసరికి మ్యాపు గోడకు తగిలించి ఉంది. లామినేషన్ కూడా అయిపోయింది. ఒక పెద్దాయన ఓపిగ్గా అందరి ప్రసంగాలూ విని, చివర్లో మైకు ఇచ్చాక లేచి, గోడ దగ్గరకు వెళ్ళి వేలు పెట్టి చూపించారు. “ఇక్కడ పార్కింగ్ అని రాశారయ్యా. ఎండాకాలం మా మేకలకు నీళ్ళు ఉండేది ఈ చెలమ ఒక్కటే” అన్నారు. “మీ సూచన నమోదు చేసుకున్నాం” అని జవాబు వచ్చింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుండగా వందన సమర్పణ మొదలైంది. నేను ఆ రోజు కోపంతో వణికిపోయాను. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు. లామినేషన్ చేసిన మ్యాపు మీద పెన్ను గీత కూడా పడదు కదండీ! దయచేసి, ఇక్కడున్న ఇంజినీర్లు, అటవీ అధికారులు, పర్యాటక శాఖవాళ్ళు, మీ అందరికీ చేతులు జోడించి చెబుతున్నాను, గీత గీసే ముందు ఊరిని అడగండి. గీశాక అడిగితే అది అడగడం కాదు.

అయితే ఊరిని అడిగితే అన్నీ సర్దుకుంటాయని నేను అనడం లేదు. అన్నపూర్ణలోనే చూడండి. కాళీ గండకి లోయలో జోమ్‌సోమ్ దాకా, అటు మనాంగ్ వైపు మోటారు రోడ్లు వచ్చాయి. రోజుల తరబడి నడిచే ప్రపంచ ప్రఖ్యాత దారి మీద జీపులు దుమ్ము లేపుతున్నాయి. నడిచేవాళ్ళు కొన్నిచోట్ల తగ్గారు, దారి పక్క లాడ్జిలు నష్టపోయాయి. రోడ్డు తప్పంటారా? మార్ఫాలో పండే యాపిల్ కుళ్ళకముందే బజారు చేరాలంటే రోడ్డు కావాలి. నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చాలంటే రోడ్డు కావాలి. రోడ్డు కావాలని అడిగింది ఆ ఊళ్ళవాళ్ళే, అడగడం వాళ్ళ హక్కు. లోపం ఎక్కడంటే, రోడ్డు వేసేవాళ్ళూ కాలిబాట చూసేవాళ్ళూ ముందే ఒకచోట కూర్చోలేదు. లోయలో ఒక ఒడ్డున రోడ్డు, రెండో ఒడ్డున కాలిబాట అని మొదట్లోనే అనుకుని ఉంటే చాలా నష్టం తప్పేది. తర్వాత ఆ పని చేశారు. రోడ్డును తప్పించి కొత్త నడక దారులు వెతికి, రాళ్ళ మీద ఎరుపు తెలుపు గుర్తులు వేశారు. ముందు చేయాల్సింది తర్వాత చేశారు. ప్రాంతీయ ప్రణాళిక అంటే నా దృష్టిలో ఇదే. ఒక్కో శాఖ తన ముక్క తాను గీసుకుంటే కుదరదు, లోయ మొత్తానికీ అందరూ కలిసి గీయాలి.

మరి కలిసి కూర్చున్నా మాట కుదరకపోతే? విహారమూ కావాలి, ప్రకృతీ ఉండాలి, రెండూ ఒకేచోట పొసగకపోతే? ఇంగ్లండ్, వేల్స్ జాతీయ పార్కుల కోసం 1974లో లార్డ్ శాండ్‌ఫర్డ్ కమిటీ దీనికి సూటిగా జవాబిచ్చింది. రాజీకి ప్రయత్నించండి, ఎంత ప్రయత్నించినా కుదరకపోతే పరిరక్షణదే పైచేయి అంది. 1995లో అది చట్టంలోకి ఎక్కింది. నాకు ఆ నియమం నచ్చుతుంది. తొక్కి పాడైన కొండ మళ్ళీ కోలుకోవడానికి తరాలు పడుతుంది, విహారం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు.

కాంచన్‌జంగా మీద మొదట కాలు పెట్టాల్సిన ఇద్దరు ఏం చేశారో తెలుసా? 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ శిఖరానికి కొన్ని అడుగుల కింద ఆగిపోయారు. ఆ కొండ సిక్కిం ప్రజలకు దైవం, కొసమీద కాలు పెట్టబోమని ముందే మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం, 8,586 మీటర్లు, చేయి చాచితే అందేంత దూరంలో ఉంది. అయినా ఆగారు. ఎవరైనా కొండల మీద హద్దులు మనిషి స్వేచ్ఛకు అడ్డం అంటే నేను ఈ ఇద్దరినీ గుర్తు చేస్తాను.

కాంచన్‌జంగా పేరు వచ్చింది కాబట్టి, నేను చెప్పాలనుకున్న అసలు సంగతికి వచ్చాను. అధ్యక్షా, సమయం అవుతోందని చీటీ చూశాను, ఇది మాత్రం చెప్పనివ్వండి.

ఆ కొండకు నేపాల్ వైపు 2,035 చదరపు కిలోమీటర్ల సంరక్షణ ప్రాంతం ఉంది. ఒక పక్క సిక్కింలోని జాతీయ పార్కు, ఉత్తరాన టిబెట్. మంచు చిరుతకు వీసా అక్కర్లేదు, అది మూడు వైపులా తిరుగుతుంది. ఎర్ర పాండా కూడా అక్కడ ఉంది. 2006 సెప్టెంబర్‌లో నేపాల్ ప్రభుత్వం ఈ ప్రాంతం నిర్వహణను స్థానికులు ఎన్నుకున్న మండలి చేతుల్లో పెట్టింది. ఆ దేశంలో ఒక రక్షిత ప్రాంతాన్ని పూర్తిగా అక్కడి జనానికే అప్పగించడం అదే మొదటిసారి. అన్నపూర్ణలో అంతకు ఇరవై ఏళ్ళ ముందు ఊరూరా తిరిగి అడిగిన మాటకు అది తర్వాతి మెట్టు. చంద్ర గురుంగ్, మింగ్మా నోర్బు ఇద్దరూ ఆ అప్పగింతకు వెళ్ళారు. వెళ్ళకుండా ఎలా ఉంటారు? అటవీ సహాయ మంత్రి గోపాల్ రాయ్ వెళ్ళారు. భూగోళ శాస్త్రవేత్త హర్క గురుంగ్ వెళ్ళారు. వన్యప్రాణి రక్షణలో జీవితాలు గడిపిన తీర్థమాన్ మాస్కే, నారాయణ్ పౌడెల్ వెళ్ళారు. సెప్టెంబర్ 23న ఆ ప్రాంతంలోని ఘున్సా అనే ఊరి నుంచి తిరిగి వస్తుండగా వాళ్ళ హెలికాప్టర్ కొండల్లో కూలిపోయింది. అందులో ఉన్న 24 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఒక దేశపు పరిరక్షణ రంగంలో ఒక తరం పెద్దలు ఒకే పూట పోయారు.

అప్పుడు చాలామంది అనుకున్నారు, ఇక ఆ అప్పగింత కాగితానికే పరిమితమవుతుందని. పెద్దలు పోయారు, కొత్తగా బాధ్యత తీసుకున్నది కొండ ఊళ్ళ రైతులు, జడల బర్రెల కాపరులు. కానీ మండలి నిలబడింది. పని నడుస్తోంది. మంచు చిరుతల జాడ చూసే పనిలో అక్కడి ఊళ్ళవాళ్ళే ఉన్నారు, చిరుత పశువును చంపితే పరిహారం చెల్లించడానికి వాళ్ళే నిధి పెట్టుకున్నారు. పెద్దవాళ్ళు వెళ్ళిపోయినా పని ఆగకపోవడానికి కారణం ఒక్కటే, ఆ పని మొదటి నుంచీ ఊరిదే.

విద్యార్థుల్లో ఎవరైనా ప్రణాళికా రంగంలోకి వెళ్ళేవాళ్ళుంటే, మీ మొదటి ప్రాజెక్టులో ఆరు వారాలు ఊళ్ళో ఉండే ఖర్చు అడగండి. ఇవ్వరు. మళ్ళీ అడగండి. సర్వే ఖర్చు కింద రాయండి, ప్రయాణ ఖర్చు కింద రాయండి, ఎలాగోలా సాధించండి. ప్రశ్నలుంటే ముందు వెనక వరసలకు మైకు ఇవ్వండి. పెద్దలతో నేను టీ దగ్గర మాట్లాడతాను.